బాచుపల్లి బాల్కనీకి విత్తనం ఎవరివ్వాలి?

నిరుడు నేనొక తప్పు చేశాను. సంపాదకీయంలో సొంత ముచ్చట ఎందుకని కమిటీలో ఒకరిద్దరు అన్నారు. కానీ ఈ నెల చెప్పదలుచుకున్న సంగతి ఆ తప్పు దగ్గరే మొదలవుతుంది, అందుకని దాచకుండా చెబుతున్నాను.

బాచుపల్లిలో మా కుటుంబానికి మిగిలిన భూమి పది గుంటలు. మూడు దిక్కులా అపార్ట్‌మెంట్లు లేచాయి. నాలుగో దిక్కున ఎవరో కొని వదిలేసిన ప్లాట్లు, వాటికి ప్రహరీ గోడలు, గోడల మీద కంపా తీగలూ. ఆ పది గుంటల్లో ఆకుకూరలు, టమాట, వంకాయ, బీర వేసి పొద్దున్నే గేటు దగ్గర అమ్ముకుంటాను. పక్క అపార్ట్‌మెంట్ల వాళ్లు కూరగాయలు కొంటూ, "అన్నా, మందు కొట్టని బీర గింజలుంటే మాకూ నాలుగియ్యరాదే, బాల్కనీల పెట్టుకుంటం" అని అడిగేవాళ్లు. ఆ బీర మా అమ్మ కాలం నుంచి మా ఇంట్లో ఉన్నది. నిరుడు మాఘంలో పెట్టిన పాదుల్లో మంచి కాయలు ఐదారు తీగ మీదే ఎండనిచ్చి, గింజ తీసి, కాగితపు పొట్లాలు కట్టి, మిర్గం ముందు పొట్లం ఇరవై రూపాయల చొప్పున ముప్పై ఇండ్లకు అమ్మాను.

శ్రావణంలో ఫోన్లు మొదలయ్యాయి. "అన్నా, కాయ చూస్తే నవనవలాడుతుంది, నోట్ల పెడితే సేదు. కూర మొత్తం పారబోసినం" అని ఒక అమ్మ. ఆమె తరువాత ఇంకో నలుగురు. అందరికీ కాదు, కొందరికే. ఒకే పొట్లంలోని రెండు గింజల్లో ఒకటి తియ్యటి బీర కాస్తే ఇంకొకటి చేదు కాసిందట.

నాకు మొదట అర్థం కాలేదు. నేను గింజ తీసిన తీగ కాయలు మా ఇంట్లో తిన్నాం, అవి చేదు కాదు. తరువాత పక్క ప్లాటు గోడ మీద చూస్తే చేదు బీర తీగ పాకి ఉంది. పశువు కూడా ముట్టని అడవి బీర. ఏళ్లుగా అక్కడే ఉంది, నేను రోజూ చూస్తున్నదే. బీర పువ్వు విచ్చుకునేది పొద్దుగూకే వేళ. ఆ వేళకు నేను గేటుకు తాళం వేసి ఇంటికి పోతాను. పురుగులు ఆ గోడ మీది మగ పువ్వు పుప్పొడి తెచ్చి నా పాదు మీది ఆడ పువ్వుకు అంటించాయి. కాయ నా తీగది కాబట్టి తియ్యగానే ఉంది. లోపల గింజలో మాత్రం అడవి బీర గుణం చేరింది. ఆ గింజ ఇంకొకరి కుండీలో మొలిచి కాసినప్పుడు చేదు బయటపడింది.

కూరగాయకూ విత్తనానికీ ఉన్న తేడా నాకు అప్పుడు తలకెక్కింది. కూరగాయ చెడిపోతే మన గంపలోనే కనబడుతుంది. విత్తనంలో తప్పు మన పొలంలో కనబడదు. ఒక పంటకాలం తరువాత కొన్నవాళ్ల పొలంలో కనబడుతుంది. అప్పటికి వాళ్ల నీళ్లు, ఎరువు, మూడు నెలల కాలం అన్నీ పోయి ఉంటాయి. నకిలీ విత్తనాల మీద ఇన్నేళ్లు ధర్నాలు చేసినవాణ్ణి, నేనే ముప్పై ఇండ్లకు కల్తీ విత్తనం అమ్మినవాణ్ణయ్యాను. డబ్బులు తిరిగి ఇచ్చాను. కొందరు తీసుకోలేదు, "తెలిసి చేసింది కాదు కదన్నా" అన్నారు. తెలియకపోవడం ఒక సాకు కాదు. తీగ జాతుల్లో చేదు చిన్న విషయమూ కాదు. 2010లో ఢిల్లీలో ఒక శాస్త్రవేత్త చేదు సొరకాయ రసం తాగి ప్రాణం పోగొట్టుకున్నాడు. భారత వైద్య పరిశోధన మండలి కమిటీ వేసి, చేదుగా ఉన్న సొర రసం ఎవరూ తాగొద్దని 2011లో హెచ్చరించింది. బీర, సొర, దోస, ఏ కాయైనా చేదు తగిలితే ఉమ్మేసి పాదు పీకేయాలి తప్ప ఉప్పూ కారం వేసి సర్దుకోకూడదు.

ఇంత జరిగాక విత్తనం జోలికి పోవద్దనుకున్నాను. కానీ వచ్చే మిర్గానికి గింజలు కావాలని అవే ఇండ్ల వాళ్లు మళ్లీ అడుగుతున్నారు. ఎందుకు అడుగుతున్నారో మనం ఆలోచించాలి.

బాచుపల్లి, నిజాంపేట, ప్రగతినగర్, మల్లంపేట పొలాలు పోయి పాతికేళ్లు కావొస్తోంది. కుత్బుల్లాపూర్ మండలంలో ఉన్నప్పుడు ఇవన్నీ మెట్ట పంటలూ కూరగాయలూ పండే ఊళ్లు. మేడ్చల్ వైపు అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష పందిళ్లు ఉండేవి. 2016లో జిల్లాలు విడదీసినప్పుడు బాచుపల్లి మండలం అయింది, కానీ అప్పటికే నాగలి పట్టేవాడిని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అమ్ముకున్నవాడు అమ్ముకున్నాడు, అమ్ముకోలేక పోగొట్టుకున్నవాడూ ఉన్నాడు. ఆ కథ ఈ పత్రికలో చాలాసార్లు రాశాం. ఆ పొలాల మీద లేచిన భవనాల్లో ఉండేవాళ్లు ఎక్కువమంది మన లాంటి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లే. ఖమ్మం, కరీంనగర్, గుంటూరు, అనంతపురం. అమ్మమ్మ ఇంటి పెరడు గుర్తున్నవాళ్లు. అందుకే మిద్దె మీద, బాల్కనీలో కుండీలు పెడుతున్నారు. కథా రచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి నారపల్లిలో తన ఇంటి మీద మిద్దెతోట పెంచి, దాని గురించి రాసి ఎందరినో ఆ దారి పట్టించారు. ఉద్యాన శాఖ కూడా "మన ఇల్లు – మన కూరగాయలు" పేరుతో కొన్నాళ్లు సబ్సిడీ ఇచ్చి ప్రోత్సహించింది.

మట్టి దొరుకుతోంది, వర్మీకంపోస్టు దొరుకుతోంది, కుండీలు కావలసినన్ని. దొరకనిది ఒక్క విత్తనం. రంగుల బొమ్మ ఉన్న ప్యాకెట్టు ఏ దుకాణంలోనైనా ఉంటుంది. అందులో ఏముందో కొన్నవాళ్లకు తెలియదు. కొన్నింటి మీద సన్నటి అక్షరాల్లో హైబ్రిడ్ అని ఉంటుంది. కొన్నింటి లోపల గింజకు గులాబీ రంగు పట్టి ఉంటుంది, అది శిలీంధ్రనాశక మందు. మందు లేని తిండి కోసం తోట పెట్టేవాళ్లు మందు పట్టిన గింజతో మొదలుపెడుతున్నారు. ఇంకొన్ని మీద "దేశవాళీ" అని, "సేంద్రియ" అని రాసి ఉంటుంది, ఎవరు పండించారో, ఏ సంవత్సరం పంటో ఉండదు. ఒకాయన ప్యాకెట్టు టమాట బాగా కాసిందని గింజ దాచి మరుసటేడు వేస్తే ఒక మొక్కకు గోలీలంత, ఇంకో మొక్కకు నిమ్మకాయంత కాయలు కాశాయట. హైబ్రిడ్ గింజను దాచి వేస్తే అంతే, తల్లి గుణం ఒక దాంట్లో తండ్రి గుణం ఒక దాంట్లో విడిపోతాయి.

హైబ్రిడ్ వేయడం పాపమని నేను అనడం లేదు. మన సభ్యుల్లో బోయిన్‌పల్లి మార్కెట్టుకు టమాట తోలే ప్రతి ఒక్కరూ హైబ్రిడ్డే వేస్తారు, వేయక తప్పదు కూడా. ఒక్కసారి కోతకు బండి నిండాలి, కాయ గట్టిగా ఉండాలి. పది కుండీల వాడికి ఆ అవసరం లేదు. అతనికి నాలుగు నెలల పాటు వారానికి అరకిలో కాయాలి, రుచి ఉండాలి, గింజ దాచుకుంటే మళ్లీ అదే రావాలి. అలాంటి సూటి రకాల మీద పెద్ద కంపెనీకి లాభం లేదు. ఒకసారి కొన్నవాడు మళ్లీ కొనడు కదా. కాబట్టి ఈ జాగా ఖాళీగా ఉంది.

ఇదంతా ఎక్కడ జరుగుతోందో చూడండి. తెలంగాణను దేశానికి విత్తన భాండాగారం అని ప్రభుత్వాలు గొప్పగా చెప్పుకుంటాయి. అది అబద్ధం కాదు. మన బాచుపల్లికి తూర్పున కొంపల్లి నుంచి మేడ్చల్ దాకా విత్తన కంపెనీల గోదాములూ శీతల గిడ్డంగులే. పడమటన పటాన్‌చెరులో 1972 నుంచి ఇక్రిశాట్ ఉంది. అక్కడి జన్యు బ్యాంకులో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, చిరుధాన్యాలు కలిపి లక్షా ఇరవై వేలకు పైగా రకాలు భద్రంగా ఉన్నాయి. ప్రపంచ కూరగాయల కేంద్రం వారి ప్రాంతీయ కార్యాలయం కూడా ఆ ఆవరణలోనే. ఇటు గద్వాలలో ఊళ్లకు ఊళ్లు పత్తి విత్తనం పండిస్తాయి, పువ్వు పువ్వుకూ చేత్తో పుప్పొడి అద్దుతారు. ఆర్మూరు పక్కన అంకాపూర్ ఎర్రజొన్న, మొక్కజొన్న విత్తనాలతోనే పేరు తెచ్చుకుంది. అంటే విత్తనం పండించే చేతులు మనవే. కానీ కంపెనీ తల్లి విత్తనం ఇస్తుంది, మధ్యలో ఆర్గనైజర్ ఉంటాడు, పండిన గింజ మొత్తం వాళ్లే ఎత్తుకుపోతారు. మొలక పరీక్షలో ఫెయిలైందంటే డబ్బులు రావు, ఆ పరీక్ష ఎక్కడ చేశారో రైతుకు తెలియదు. అంత నైపుణ్యం ఉన్న చేతులు ఇంటి పెరట్లోకి చిక్కుడు గింజ కావాలంటే దుకాణానికి పోతున్నాయి.

అన్ని చోట్లా ఇలా లేదు. ఇక్కడికి వంద కిలోమీటర్ల లోపే జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఉన్నాయి. చదువు లేని, ఎకరం రెండెకరాల దళిత మహిళలు పాత పంటల గింజలను బూడిదలో, వేపాకులో కలిపి, మట్టి అలికిన బుట్టల్లో దాచి ఊరూరా విత్తన బ్యాంకులు నిలబెట్టారు. తీసుకున్నవాళ్లు పంట వచ్చాక ఎక్కువ కలిపి తిరిగి ఇవ్వాలి, డబ్బుతో పని లేదు. ఏటా సంక్రాంతి నుంచి ఎడ్ల బండ్ల మీద పాత పంటల జాతర తీస్తారు. 2019లో ఆ సంఘాలకు ఐక్యరాజ్య సమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. మహారాష్ట్రలో రాహీబాయి పోపెరె అనే గిరిజన రైతు ఇంటి విత్తనాలు కూడబెట్టి ఊరూరా పంచినందుకు 2020లో పద్మశ్రీ ఇచ్చారు. ఆమె బడికి పోలేదు.

మన పరిస్థితి వాళ్లది కాదు. మనకు ఎకరాలు లేవు, గుంటలున్నాయి. బోరులో నీళ్లు అడుగంటాయి. గుంటల్లో కూరగాయ పండించి మార్కెట్టుతో పోటీ పడలేం. కానీ విత్తనానికి గుంటలు చాలు. కిలో టమాట పండ్ల నుంచి ఐదు గ్రాముల దాకా గింజ వస్తుంది. గ్రాముకు మూడు వందల గింజలు. అంటే పదిహేను వందల గింజలు. పాతిక గింజల పొట్లాలు కడితే అరవై. గేటు దగ్గర పదిహేను రూపాయలకు అమ్మే కిలో పండ్లు పొట్లం ఇరవై చొప్పున పన్నెండు వందలవుతాయి. ఈ లెక్క చూసి ఎవరూ ఎగిరి గంతెయ్యొద్దు. అరవై పొట్లాలు కొనేవాళ్లుండాలి, అందరం టమాటే తీస్తే ఎవరిదీ అమ్ముడుపోదు. మన చుట్టూ ఉన్న తోటల వాళ్లు ఎన్ని పొట్లాలు కొంటారో అంతే బేరం. పది గుంటలవాడికి ఏడాదికి పిల్లల ఫీజులో కొంత వస్తే చాలు. వ్యవసాయ సంక్షోభానికి ఇది మందు అని నేను చెప్పను. మిగిలిన జాగాను అమ్మకుండా నిలుపుకోవడానికి ఒక ఆసరా, అంతవరకే.

పని విషయానికి వస్తే, అన్ని పంటలూ ఒకటి కాదు. టమాట, చిక్కుడు, బొబ్బర, మెంతి తమ పువ్వులో తామే గింజ కట్టుకుంటాయి. రెండు రకాల మధ్య పాతిక గజాల ఎడం పెడితే పెద్దగా కలవవు. కొత్తగా చేసేవాళ్లు వీటితోనే మొదలుపెట్టాలి. వంగ, మిరప, బెండ సగం సగం. తేనెటీగ వచ్చిందంటే కలుస్తాయి, వంద గజాల నుంచి రెండు వందల గజాలకు పైగా ఎడం కావాలి. బీర, సొర, కాకర, దోస, గుమ్మడి పూర్తిగా పురుగుల చేతిలో ఉన్నవి. వీటికి అర కిలోమీటరు ఎడం ఉన్నా తక్కువే. తోటకూర, పాలకూర పుప్పొడి గాలికే పోతుంది, గుంటల్లో వాటి జోలికి పోకపోవడం మంచిది. చుట్టూ కాంక్రీటే కదా, కలవడానికి ఏముంది అనుకున్నవాణ్ణి నేను. బాల్కనీలో ఒక కుండీ చాలు, తేనెటీగకు లిఫ్టు అక్కర్లేదు.

తీగ జాతుల విత్తనం గుంటల్లో తీయాలంటే ఒక్కటే దారి, చేత్తో అద్దడం. గద్వాల అక్కచెల్లెళ్లు పత్తికి చేసేదే. రేపు విచ్చుకునే ఆడ పువ్వును, కింద చిన్న పిందె ఉంటుంది కాబట్టి గుర్తుపట్టొచ్చు, ముందే పలుచటి గుడ్డ సంచి తొడిగి దారంతో కట్టాలి. మగ మొగ్గలకూ అలాగే. బీర, సొర అయితే సాయంత్రం, దోస, కాకర, గుమ్మడి అయితే పొద్దున్నే, పువ్వు విచ్చుకోగానే మగ పువ్వు తెంపి, రేకులు తీసేసి, ఆడ పువ్వు మీద మెల్లగా అద్ది మళ్లీ సంచి కట్టాలి. రెండు రోజుల తరువాత పిందె నిలిచిందంటే సంచి తీసి ఆ కాయ తొడిమకు ఎర్ర దారం కట్టాలి. ఎర్ర దారం లేని కాయ కూరకు, ఉన్న కాయ విత్తనానికి. అద్దే పుప్పొడి ఒకే తీగది కాకుండా మంచి తీగలు ఎన్ని ఉంటే అన్నింటి నుంచీ తేవాలి. ఒకటి రెండు తీగల నుంచే ఏటా తీస్తూ పోతే జాతి బలహీనపడుతుంది.

ఇంట్లో ఆడవాళ్లకు తెలిసి మగవాళ్లం మరిచిపోయిన సంగతి ఇంకొకటి ఉంది. మంచి కాయలన్నీ కోసి అమ్మి, చివర ఎండిపోయే తీగకు వేలాడే గిడసబారిన కాయను విత్తనానికి వదులుతున్నాం. పదేళ్లు అలా చేస్తే గిడస రకమే మిగులుతుంది. విత్తనానికి మొదటి రెండో కాపులోని కాయ వదలాలి, అదీ రోగం లేని, మన కోరిక ప్రకారం కాసిన మొక్కది. పువ్వు రాకముందే తేడాగా కనబడ్డ మొక్కను పీకేయాలి. పీకడానికి చేతులు రావు, నాకూ రావు, కానీ పీకాలి. వంకాయ పసుపు పచ్చగా మారేదాకా, బెండ కాయ ఎండి చీలే దాకా, బీర ఊపితే గలగలమనే దాకా మొక్క మీదే ఉండాలి. టమాట గింజను రసంతో సహా మట్టి ముంతలో ఒకటి రెండు రోజులు పులియబెట్టి, జిగురు పోయేదాకా కడిగి, నీళ్లలో తేలినవి పారబోసి మునిగినవి ఉంచుకోవాలి.

ఎండబెట్టడంలో మనం చేసే పొరపాటు మిట్ట మధ్యాహ్నం సిమెంటు మిద్దె మీద పోయడం. మన ఎండకాలంలో ఆ సిమెంటు మీద కాలు పెట్టలేం, లోపలి మొలక ఉడికిపోతుంది. గుడ్డ మీద నీడలో రెండు మూడు రోజులు, తరువాత పొద్దుటి ఎండలో. పంటికింద పెడితే నొక్కు పడకుండా పటుక్కుమనాలి. అప్పుడు బూడిద కలిపి గాలి చొరని సీసాలో పెట్టి, ఇంట్లో చల్లటి మూలన ఉంచాలి. గింజలో తేమ ఒక్క శాతం తగ్గినా, దాచేచోట వేడి ఐదు డిగ్రీలు తగ్గినా దాని ఆయుష్షు రెట్టింపవుతుందని విత్తన శాస్త్రం చెబుతుంది. మా అమ్మ ఉట్టి మీది కుండలో దాచడం ఊరికే కాదు.

అమ్మే ముందు వంద గింజలు తడి గుడ్డలో చుట్టి మొలక చూడాలి. ప్రభుత్వ ప్రమాణం ప్రకారం టమాట, వంగ వందకు డెబ్బై, బెండ అరవై ఐదు, మిరప, తీగ జాతులు అరవై మొలవాలి. అంతకంటే తక్కువ వస్తే పొట్లం కట్టొద్దు. పొట్లం మీద పంట పేరు, పండించిన ఊరు, తీసిన నెల, ఎన్ని మొలిచాయి, ఫోను నంబరు. చేదు వస్తే తిట్టడానికైనా ఆ నంబరు ఉండాలి.

ఇక్కడే చట్టంతో పేచీ ఉంది. 1966 విత్తన చట్టం 24వ సెక్షన్ ప్రకారం, తాను పండించిన విత్తనాన్ని తన సొంత ఆవరణలో, నేరుగా విత్తుకునేవాడికి అమ్మే రైతుకు ఆ చట్టం వర్తించదు. 2001లో వచ్చిన మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం 39వ సెక్షన్ కూడా రైతుకు విత్తనం దాచుకునే, విత్తుకునే, మార్చుకునే, పంచుకునే, అమ్ముకునే హక్కు ఇచ్చింది. కంపెనీల రక్షిత రకాలను పొట్లం కట్టి ఆ పేరుతో మాత్రం అమ్మకూడదు. గేటు దగ్గర నేనిచ్చే ఇంటి బీర పొట్లానికి దోషం లేదన్నమాట. అదే పొట్లాలు పట్టుకుని ప్రగతినగర్‌లో ఒక అపార్ట్‌మెంటు సంతలో టేబుల్ వేస్తే? పదిమంది సభ్యుల విత్తనం కలిపి సంఘం పేరుతో అమ్మితే? అది సొంత ఆవరణ కాదు, విత్తన వ్యాపారమని 1983 విత్తన నియంత్రణ ఉత్తర్వు కింద లైసెన్సు అడగొచ్చు. 2025 నవంబరులో కేంద్రం బయటపెట్టిన కొత్త విత్తన బిల్లు ముసాయిదా కూడా రైతు తన విత్తనం అమ్ముకోవచ్చంటూనే, బ్రాండు పేరుతో అమ్మకూడదని మెలిక పెట్టింది. నకిలీ విత్తనం అమ్మేవాడికి శిక్ష పెంచితే మనం చప్పట్లు కొడతాం. కానీ పొట్లం మీద ఊరి పేరూ సంఘం పేరూ రాయడం బ్రాండు అవుతుందా? పేరు రాయకపోతే కొన్నవాడికి జవాబుదారీ ఎవరు? రాస్తే నేరం, రాయకపోతే మోసం అన్న చోట చిన్న రైతు నిలబడాలా?

ఈ చిక్కు మనకొక్కరికే రాలేదు. ఫ్రాన్సులో కొకోపెల్లి అనే సంస్థ పాత రకాల కూరగాయ విత్తనాలు ఇంటి తోటల వాళ్లకు అమ్మితే, సర్కారు జాబితాలో లేని రకాలు అమ్ముతోందని ఒక కంపెనీ కోర్టుకు లాగింది. 2012లో యూరప్ న్యాయస్థానం కూడా ఆ జాబితా నిబంధనలే చెల్లుతాయంది. చివరకు 2020లో ఫ్రాన్స్ పార్లమెంటు చట్టం మార్చి, వ్యాపారానికి కాకుండా ఇంటి తోట కోసం కొనేవాళ్లకు ఎవరి హక్కూ లేని పాత రకాలను జాబితాతో పని లేకుండా అమ్మొచ్చని చెప్పింది. వంద ఎకరాలకు అమ్మే విత్తనమూ పది కుండీలకు అమ్మే విత్తనమూ ఒకటి కాదని అక్కడ ఒప్పుకున్నారు. మన బిల్లులో కూడా ఆ తేడా రాయాలని అడగాలి. రైతు సంఘాలు, మహిళా సంఘాలు తమ సభ్యులు పండించిన సూటి రకాలను చిన్న పొట్లాల్లో, పేరూ ఊరూ రాసి, ఇంటి తోటలకు అమ్మితే లైసెన్సు అక్కర్లేదని ఒక్క వాక్యం చాలు.

రాష్ట్రాన్ని అడగాల్సింది వేరే ఉంది. 2025లో జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం గ్రామాల్లో రైతులకు వరి, కంది, పెసర లాంటి పంటల నాణ్యమైన విత్తనం ఇచ్చి, వాళ్ల నుంచి ఊరంతటికీ పాకేలా ఒక కార్యక్రమం పెట్టింది. మంచి ఆలోచన. అదే పని కూరగాయల్లో ఉద్యాన విశ్వవిద్యాలయం ఎందుకు చేయకూడదు? జగిత్యాల లాంగ్ బీర, భాగ్యమతి వంగ మన నేల మీదే ప్రజల డబ్బుతో పుట్టిన రకాలు. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్క వికాస్ టమాట, అర్క అనామిక బెండ కూడా దాచుకుని వేసుకోదగ్గవే. వాటి మూల విత్తనం పావు కిలో, అరకిలో మనలాంటి వాళ్లకు ఏటా దొరకాలి. మన పక్కనే జీడిమెట్లలో ఉద్యాన శాఖ సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్ ఉంది. అక్కడ మిద్దెతోటల వాళ్లకే కాదు, వాళ్లకు విత్తనం పండించాలనుకునే గుంటల రైతుకు కూడా రెండు రోజుల శిక్షణ పెట్టొచ్చు.

మాఘంలో నేను మళ్లీ బీర పెట్టాను. ముందుగా పక్క ప్లాటు యజమానికి ఫోన్ చేసి అనుమతి తీసుకుని, గోడ మీది చేదు తీగను వేరుతో పీకించాను. ఇప్పుడు సాయంత్రం ఆరు దాటేదాకా గుడ్డ సంచులతో పొలంలోనే ఉంటున్నాను. ఇరవై రెండు కాయలకు ఎర్ర దారం పడింది. గింజ తీశాక ఒక్కో కాయ నుంచి రెండు గింజలు నేనే పెట్టి, కాపు వచ్చి రుచి చూసేదాకా పొట్లం అమ్మను. అంటే ఈ మిర్గానికి నా దగ్గర బీర ఉండదు. అడిగినవాళ్లకు ఆ మాటే చెప్పాను. చిక్కుడు, టమాట మాత్రం ఉన్నాయి.

వచ్చే నెల మండల సమావేశానికి వచ్చే సభ్యులు ఇంట్లో దాచిన గింజ ఏదున్నా ఒక దోసెడు తీసుకురండి, ఎప్పటిదో ఎక్కడిదో చీటీ రాసి. ఎవరింట్లోనైనా పెద్దవాళ్ల నాటి వంగ గానీ కాకర గానీ మిగిలి ఉంటే తప్పక తేవాలి. మొలక చూడటానికి తడి గుడ్డలు, పళ్లేలు మా ఇంటి నుంచి తెస్తాను.